ఫ్లెక్సీలకెక్కని మొఖాలు

ఛత్తా బజార్,
హైదరాబాద్.

అల్లుడా,

నువ్వడిగిన క్రికెటర్ సిరాజ్ పోస్టర్ తయారైంది. ఫైల్ నీ మెయిల్‌కు పంపిన, అక్కడనే ప్రింట్ తీయించుకో. పెదవుల మీద వేలు పెట్టి స్టేడియాన్ని ఊకోమంటున్న ఫోటోనే పెట్టిన. కింద పెద్ద అక్షరాలల్ల 'మన పాతబస్తీ షేర్' అని నువ్వు చెప్పినట్టే రాసిన. నిజానికి ఆయన పెరిగిన ఫస్ట్ లాన్సర్ మూసీకి అవతల, మాసబ్‌ట్యాంక్ దిక్కు. పాతబస్తీ అనిపించుకోదు. అయినా అభిమానానికి హద్దురాళ్లు ఎవరు పాతుతరు, ఉండనియ్.

ఒక్క పని మాత్రం చెయ్యలే. 'మామా, ఫేస్ కొంచెం బ్రైట్ చెయ్' అని రాసినవ్ చూడు, అది. ఛత్తా బజార్ల ప్రింటింగ్ దుకాణం పెట్టుకున్నోనికి ఆ మాటకు అర్థం విడమర్చి చెప్పాల్సిన పని లేదు. పెండ్లి కార్డుకొచ్చినోడు అదే అడుగుతడు. కార్పొరేటర్ పుట్టినరోజు ఫ్లెక్సీకొచ్చినోడు అదే అడుగుతడు. హీరో సినిమా రిలీజుకు చందాలేసుకొని కటౌట్ కొట్టియ్యనీకి వచ్చే పోరగాండ్లు సుత, 'అన్నా, జర తెల్లగ కొట్టు' అనే అంటరు. కంప్యూటర్ల ఒక గీతను పైకి జరిపితే అయిపోయే పని. గిరాకి అడిగితే చేసిస్త, నా బువ్వ అది. కాని ఈ పోస్టర్ ముచ్చట వేరే. సిడ్నీ గ్రౌండ్ల ఏ రంగును చూసి ఆయనను తిట్టిన్రో, ఆ తిట్లకు జవాబని మనం వేసే పోస్టర్ల ఆ రంగునే తుడిచేస్తే, గెలిచింది ఎవరు? అందుకే ఉన్నది ఉన్నట్టు ఉంచిన. నీకు నచ్చకపోతే అక్కడ ఇంకెవరితోనన్న చేయించుకో, నేను మాత్రం చెయ్య.

ఆస్ట్రేలియాల, పారమట్టా స్టేషన్ల నీకు జరిగింది విన్నప్పటి సంది నాకు మనసున పడ్తలేదు. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే ఒకడు మీది మీదికొచ్చి, నీ రంగును తిట్టి, మీ దేశం పొమ్మన్నడంటే, చదువుకోనీకి పంపిన మాకే కడుపుల దేవినట్టయింది, నీకెట్లుండెనో. మీ అమ్మకు చెప్పొద్దన్నవ్, చెప్పలే. ముందుగాల పనికొచ్చే ముచ్చట చెప్త. ఆ రోజు తారీఖు, టైము, ప్లాట్‌ఫారం నంబరు, వాడు అన్న మాటలు అన్నవి అన్నట్టే కాయితం మీద రాసిపెట్టు. నాలుగు రోజులైతే మనమే మర్చిపోతం, లేకపోతే కోపంల ఎక్కువ చేసి చెప్తం. స్టేషన్ల కెమెరాలుంటయి, రైల్వే వాళ్లకు చెప్పు. మీద చెయ్యేస్తడన్న భయం పుడితే 000కు కొట్టు, అది అక్కడి ఎమర్జెన్సీ నంబరు. ఆ దేశంల 1975 సంది జాతి వివక్షకు వ్యతిరేకంగ చట్టమున్నది, మానవ హక్కుల కమిషన్ ఉన్నది, ఫిర్యాదు చెయ్యనీకి నువ్వు ఆ దేశ పౌరునివే కావాల్నని లేదు. చేసుకో. ఫలితం వస్తదా రాదా అన్నది తర్వాత, రికార్డుల ఒక గీతైతే పడ్తది.

(1975 అనంగనే యాదికొచ్చింది. ఆస్ట్రేలియా వాళ్లు ఆ చట్టం చేసుకున్న సంవత్సరమే మన దేశంల ఫెయిర్ అండ్ లవ్లీ క్రీం బజార్లకొచ్చింది. వాళ్లకు చట్టం, మనకు ట్యూబు.)

మీసం మెలేసి జవాబు చెప్పకు అనేది మాత్రం గట్టిగ చెప్తున్న. 2017 ఫిబ్రవరి 22 నాడు అమెరికాల కాన్సాస్ రాష్ట్రం ఓలేతల ఏమైందో చెప్త, అప్పుడు నువ్వు బడిల ఉన్నవ్. పని చేసుకొని సాయంత్రం ఇద్దరు తెలుగు ఇంజనీర్లు ఒక బార్ల కూసుంటే, మా దేశంల నుంచి పొండి అని అరిచినోడు తుపాకి తెచ్చి కాల్చిండు. ఒకరు పానం ఇడిసిన్రు, ఒకరు బతికిన్రు. ఆ కాల్చినోడు తర్వాత ఇంకో చోటికి పోయి, ఇరాన్‌వాళ్లను కాల్చిన అని చెప్పుకున్నడు. చూడు, చంపేటోనికి మనమెవరమో తెల్వదు, తెల్సుకోవాల్నని కూడ లేదు. చదువు, కంపెనీ, వీసా, ఇంగ్లీషు, ఏదీ ఆ చూపుల ఆనదు. అదే బార్ల అడ్డంబోయి తూటా తిన్న తెల్లాయన కూడ ఉన్నడు. ఆయనకు ఆ ఇద్దరు చుట్టాలు కాదు, సెలబ్రిటీలు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ల దీని దగ్గరికే రావాలె.

ఇగ సిరాజ్ ముచ్చట. నీ లెక్క ఆయన్ను అభిమానించేటోళ్లకు కథ తెల్సు, కాని కథల ఏది పట్టుకున్నరన్నదే నా అనుమానం. 2020 నవంబర్ 20 నాడు ఆయన తండ్రి ఇక్కడ కాలం చేసిండు. ఆటో నడిపి కొడుకును బౌలర్‌ను చేసిన మనిషి. కరోనా రోజులు, కొడుకు ఆస్ట్రేలియాల జట్టుతోనే ఉండిపోయిండు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్ల మొదటి టెస్టు ఆడిండు. జనవరిల సిడ్నీల బౌండరీ కాడ నిలబడితే జనంల నుంచి ఆ మాటలు వచ్చినయి. ఆయన చేసిందేంది? తిట్టిన దిక్కు ఉరకలే. కెప్టెన్ రహానెకు చెప్పిండు, కెప్టెన్ అంపైర్లకు చెప్పిండు. ఆట ఆగింది, ఆరుగురిని స్టాండ్ల నుంచి బయటికి పంపిన్రు. కావాలంటే మైదానం ఇడిసి పోవచ్చన్నరట అంపైర్లు. మేమేం తప్పు చెయ్యలే, ఆడ్తం అన్నడు రహానె. ఆ టెస్టునే మన కాకినాడ పిల్లగాడు హనుమ విహారి కాలు పట్టేసినా కదలకుండ నిలబడి అశ్విన్‌తోని కలిసి డ్రా చేసిండు. వారం దాటంగనే బ్రిస్బేన్ల సిరాజ్ 73 పరుగులకు 5 వికెట్లు తీసిండు, సిరీస్ మనది. జనవరి 21 నాడు శంషాబాద్ల దిగి ఇంటికి పోలే, సీదా నాయిన సమాధి కాడికి పోయిండు.

ఇండ్ల నువ్వు పట్టుకోవాల్సింది బ్రిస్బేన్ వికెట్లు కాదు, అల్లుడా. సిడ్నీల చేసిన ఫిర్యాదు. అప్పటికి ఆయన కొత్తోడు, మూడో టెస్టు సుత కాలే. కొత్తోడు నోరు తెరిచి చెప్తే పక్కనున్న పెద్దోడు 'ఊకో, ఆట మీద ధ్యాస పెట్టు' అనలే. అది మన దగ్గర ఎన్ని ఆఫీసులల్ల జరుగుతది? ఇంకోటి కూడ ఉన్నది, దీన్ని అభిమానులు చెప్పరు. తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ చేసి, తిట్టిన మాట నిజమే అని ఒప్పుకున్నది. కాని ఆ రోజు కెమెరాలకు చిక్కి, టీవీలల్ల, పేపర్లల్ల మొఖాలు పడ్డవాళ్లు మాత్రం ఆ మాటలన్నోళ్లు కాదని తేల్చింది. అంటే నేరం నిజం, దొరికినోళ్లు వేరు. నీకు కూడ ఇదే ప్రమాదం. స్టేషన్ల నిన్ను తిట్టినోని మొఖం తెల్లారి నీకు ప్రతి తెల్లోనిల కనబడ్తది. వారం దినాలు అట్లనే ఉంటది, మనిషి గుణం. వారం దాటినంక కూడ ఉంటే అది వాడు నీకు అంటించిన రోగం.

అట్లనే ప్రతి గోల జాతి గోల కాదు. 2024 డిసెంబర్ల అడిలైడ్ల ట్రావిస్ హెడ్‌ను ఔట్ చేసి సిరాజ్ పొమ్మని సైగ చేసిండు, అక్కడ జనం గోల పెట్టిన్రు, బ్రిస్బేన్ల మళ్ల పెట్టిన్రు. 'చూసినవా మామా రేసిజం' అని నువ్వు మెసేజ్ చేసినవ్. అది రేసిజం కాదు బిడ్డా, వాళ్ల ఊరోన్ని గెలికితే వాళ్లు అరిచిన్రు. అదే సంవత్సరం ఎండకాలం హార్దిక్ పాండ్యాను మనోళ్లే గ్రౌండ్ గ్రౌండ్‌కు గోల చేసి ఏడిపియ్యలేదా? రెండింటినీ ఒకే ఖాతాల రాస్తే, నిజంగ జరిగిననాడు నీ మాటకు విలువుండదు.

ఇప్పుడు అసలు ముచ్చట. సిడ్నీ జనం ఆయన్ను రంగు చూసి తిట్టిన్రు. మనోళ్లు ఏమన్నరో తెల్సా? ఐపీఎల్ల ఆట సరిగ్గ పడని రోజులల్ల, 'పోయి మీ నాయినతోని ఆటో నడుపుకో' అన్నరు. ఇది సిరాజే తన నోటితోని చెప్పుకున్నడు. అన్నది మన దేశపోళ్లే, మన టీవీల ముందు కూసున్నోళ్లే. 2024 జూలైల టీ20 కప్పు గెల్చి వస్తే మెహదీపట్నం కాడ జనం ఎగబడ్డరు, సర్కారు పిలిచి డీఎస్పీని చేసింది, 2025 ఆగస్టుల ఓవల్ల ఆరు పరుగులతోని ఇంగ్లండ్ మీద గెలిపిస్తే మన గల్లీల పటాకలు కాలినయి. మంచిదే, నేను కూడ మిఠాయి పంచిన. కాని ఆటో మాట అన్న నోరు, షేర్ అన్న నోరు ఒక్కటే. వికెట్ పడితే షేర్, పడకపోతే ఆటో. ఇండ్ల మనిషికి జాగ ఏడున్నది? కటౌట్‌కు పాలు పోసేటోడే తెల్లారి పేడ కూడ కొడ్తడు. ఎందుకంటే వాడు మొక్కింది మనిషికి కాదు, తన గెలుపుకు.

ఉప్పల్ స్టేడియం ముచ్చట చెప్త, నువ్వే తూకం వెయ్. 2014ల మన ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్‌ల ఆడిన పరదేశీయులల్ల ఇద్దరిని చూడు. ఒకరు ఆస్ట్రేలియా డేవిడ్ వార్నర్, ఇంకొకరు సెయింట్ లూసియా అనే చిన్న ద్వీపం నుంచి వచ్చిన డారెన్ సామీ. సామీ అంటే ఊకె కాదు, వెస్టిండీస్‌కు 2012ల టీ20 ప్రపంచకప్పు తెచ్చిన కెప్టెన్, 2016ల మళ్ల తెచ్చిండు. మన జట్టుకు సుత ఆ ఏడాది కొన్ని మ్యాచులకు కెప్టెన్సీ చేసిండు. మరి ఇక్కడ ఎవరికి ఏం పేరు పడ్డది? వార్నర్ మామ అయిండు. తర్వాత వచ్చిన న్యూజిలాండ్ కేన్ విలియమ్సన్ కూడ మామే. సామీ మాత్రం కాలూ, అంటే నల్లోడు. ఈ పేరు స్టాండ్లల్ల జనం పెట్టింది కాదు, డ్రెస్సింగ్ రూంల తోటి ఆటగాండ్లు పిలిచింది. తననూ, శ్రీలంక తిసార పెరీరానూ అట్ల పిలిచేటోళ్లని, బలమైనోడు అన్న అర్థమేమో అనుకొని నవ్వుకుంట పలికేటోన్నని 2020 జూన్ల సామీ చెప్పిండు. అమెరికాల జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ తొక్కి చంపిన తర్వాత, ఒక టీవీ ప్రోగ్రాం చూస్తుంటే అసలు అర్థం ఎరుకైందట. ఆరేండ్లు తెల్వక నవ్విన్నే అని కోపానికి వచ్చిండు.

దానికి నెల ముందటి ముచ్చటేందో చూడు. 2020 ఏప్రిల్ ఆఖర్ల, లాక్‌డౌన్ల, వార్నర్ పెండ్లాంతోని కలిసి బుట్టబొమ్మ పాటకు చిందేసిండు. తెలుగోళ్లంత ఆ వీడియోను నెత్తిన పెట్టుకున్నరు, ఏండ్లకు ఏండ్లు ఆయన మనోడే అయిండు, ఆఖరికి 2025ల రాబిన్‌హుడ్ సినిమాల వేషం కూడ వేసిండు. నువ్వు ఆ పాటను ఎన్నిసార్లు పెట్టినవో, మీ అమ్మ ఫోన్ గుంజుకునే దాక పెట్టినవ్. సామీ మాట వచ్చిననాడు నువ్వే నాతోని ఏమన్నవో యాదున్నదా? 'ప్రేమతోని అన్నరు మామా, గింత దానికి లొల్లెందుకు.' నిన్ను దెప్పనీకి చెప్తలేను. అప్పుడు నీకు మీసం సుత రాలే. కాని ఆ జవాబు నీది కాదు, నీకు ఇష్టమైన ఆటగాని పేరు బయటికొస్తదేమో అన్న భయానిది. అభిమానం గట్టిగైన కాడ ఇదే అయితది. దెబ్బ తిన్నోని మాట వినకముందే కొట్టినోని దిక్కు వకాల్తా పుచ్చుకుంటం.

నేను తూకం మోసం చెయ్య. వార్నర్ మన పాటలకు ఆడిండు, కేన్ నవ్వు మొఖంతోని ఓడిపోయేటోడు, ఇద్దరూ ఏండ్ల తరబడి ఈ జట్టుల ఉన్నరు, సామీ కొద్ది దినాలే ఉన్నడు. క్రిస్ గేల్‌ను తల మీద పెట్టుకోలేదా మనోళ్లు, పెట్టుకున్నరు. సామీ కూడ తర్వాత, వాళ్లల్ల ఒకరితోని మాట్లాడిన, ప్రేమతోనే అన్న అని చెప్పిండు, మాఫీ అవసరం లేదు అన్నడు. పెద్దమనిషి. ఆయన ఇడిసిపెట్టినంత మాత్రాన మనకు పాఠం మాఫీ కాదు. గేల్‌ను ప్రేమించినోడు గేల్ రంగున్న కిరాయిదారుకు ఇల్లిస్తడా అన్నదే నేను అడిగేది.

ఇయ్యడు. నువ్వు చూసినవ్. చాంద్రాయణగుట్టల నువ్వు ట్యూషన్‌కు పోయే తొవ్వల సూడాన్ పిల్లలు ముగ్గురు కిరాయకుండిరి. మన పోరగాండ్లకు ఇచ్చే రేటుకు రెండింతలు వసూలు చేసేటోడు ఆ ఇంటాయన, పైకెళ్లి నల్లా టైం కట్టడి. ఆ పిల్లలు కిరాణా దుకాణం కాడికొస్తే మీ దోస్తులు సామీని పిలిచిన పేరుతోనే పిలిచేటోళ్లు. మళ్ల వాళ్లతోనే సెల్ఫీలు దిగి స్టేటస్ పెట్టేటోళ్లు. తిట్టు, సెల్ఫీ, రెండూ ఒక్కటే చూపు నుంచి పుట్టినయి. ఎదుటి మనిషిని మాట్లాడించాల్సిన పని లేని చూపు. ఆ ముగ్గురి పేర్లు మీ దోస్తులల్ల ఒక్కరికి తెల్సా? సిరాజ్ బౌలింగ్ స్పీడు మాత్రం పాయింట్ల తోని సహా చెప్తరు.

ఇది మన గల్లీ ఒక్కదాని ముచ్చట కాదు. 2016 మే నెలల బంజారాహిల్స్ల బండి పార్కింగ్ కాడ మాటా మాటా పెరిగి నైజీరియా నుంచొచ్చిన విద్యార్థి తల మీద ఇనుప రాడ్డుతోని కొట్టిన్రు. అదే నెలల ఢిల్లీల కాంగో దేశపు పంతులును కొట్టి చంపిన్రు, అది ఆటో బేరం కాడ. అదే ఏడాది జనవరిల బెంగుళూరుల టాంజానియా పిల్లను గుంపు వెంబడిపడి కొట్టింది. అప్పుడు ఆఫ్రికా దేశాల రాయబారులు కలిసి మన సర్కారును నిలదీసిన్రు. పారమట్టా స్టేషన్ల నీకైంది ఆ పిల్లలకైనదానిల వెయ్యో వంతు. నీ బాధ చిన్నదని అనను. నీ బాధతోని వాళ్ల బాధను కొలిచే గిద్దె ఒకటి నీ చేతికొచ్చింది అంటున్న, దాన్ని పారేసుకోకు.

ఇంకో చోద్యం చూడు. సిరాజ్ పెరిగిన ఫస్ట్ లాన్సర్, దాని పక్కపొంటి ఏసీ గార్డ్స్, రెండూ నిజాం సైన్యం పేర్లే. ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ అనుకునేటోళ్లు మన ఊర్లనే మస్తుమంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆఫ్రికా నుంచొచ్చిన సిద్దీల గుర్రపుదళం అక్కడ కాపురముండేది. ఆ దళం వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకొచ్చిందని పెద్దలు చెప్తరు. 1948 సెప్టెంబర్ల పోలీసు చర్య అయినంక నిజాం ఫౌజు రద్దయింది. కొలువులు పోయినయి, మనుషులు ఎక్కడికి పోలే. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఇయ్యాల్టికీ ఇక్కడనే ఉన్నరు, నీకంటె నాకంటె మంచి హైదరాబాదీ మాట్లాడ్తరు. బరాత్ల మర్ఫా మోగితే నువ్వు అంగీ ఇప్పి ఆడ్తవ్ కద, మీ అక్క పెండ్లిల ఆపనీకి నలుగురు పట్టిన్రు. ఆ దరువు యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు నిజాం ఫౌజు వెంట తెచ్చిందే. బార్కస్ల అరబ్బుల హరీస్ తింటం, సిద్దీల దరువుకు ఆడ్తం. ఈ ఊరి పండుగంత వాళ్ల చేతుల్నే ఉన్నది. కాని అదే రంగు మనిషి రూం అడిగితే కిరాయ బోర్డు తిప్పేస్తం.

ఆడపిల్లల దగ్గరికొస్తే మన చూపు ఇంక కరుకు. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబర్ల మిస్ అమెరికా అయితే, ఆ కిరీటం తీసుకున్న రాత్రే అక్కడోళ్లు అరబ్బువి, టెర్రరిస్టువి అని ట్విట్టర్ల తిట్టిపోసిన్రు. మన పేపర్లల్ల, టీవీలల్ల తెలుగు బిడ్డ అని మోత. అదే బిడ్డ ఇక్కడ పోటీకి నిలబడితే ఆ రంగుతోని మొదటి రౌండ్ల ఉంచుదురా అని అప్పుడే కొందరు అడిగిన్రు, మోతల ఆ మాట ఇనబడలే. నా దుకాణానికి సంబంధం ఫోటోలొస్తయి కద, నాకు తెల్సు ఉంచుదురో లేదో. సినిమావాళ్లను ఏం అనేటట్టు లేదు, నల్లటి మొరటు పాత్ర రాసుకున్నా దానికి తెల్లటి హీరోను తెచ్చి మసి పూస్తరు, పుష్పల చూసినం. సాయిపల్లవి ఒక్కామె ఫెయిర్‌నెస్ క్రీం అడ్వర్టైజ్‌మెంటుకు రెండు కోట్లిస్తమన్నా చెయ్యనన్నది. ఆమె నటన కంటె ఆ ఒక్క పనికే నేను ఫ్లెక్సీ కడ్త, పైసలు తీసుకోకుండ. చూసినవా, నేను కూడ ఎవరినో ఒకరిని మొక్కకుండ లేను. మొక్కు, వద్దనను. చేసిన పనికి మొక్కు, మొఖానికి మొక్కకు.

ఇగ మీ రూం పంచాయితి. మీ అమ్మ చెప్పింది. నలుగురుండే ఫ్లాట్ల ఒకరు ఖాళీ చేసిన్రట, నీ క్లాసుల చదివే ఘానా పిల్లగాడు నాలుగో మనిషిగ వస్త అన్నడట, మిగిలిన ఇద్దరు వద్దంటున్నరట. వాళ్ల వంట వాసన పడదు, పాటలు గట్టిగ పెడ్తరు, దోస్తులు ఎక్కువొస్తరు, ఇవీ వాళ్లు చెప్పిన కారణాలు. మీ అమ్మ కూడ 'తెలుగోడు దొరికే దాక ఆగుండ్రి' అన్నదట. నువ్వు ఎటు చెప్పకుండ ఊకున్నవట.

అల్లుడా, నువ్వు పోయిన కొత్తల, ఇండ్ల కోసం తిరిగిననాడు, పోపు వాసనొస్తదని మీకు ఇల్లియ్యలేదని నువ్వే ఫోన్ల ఏడుపు మొఖం పెట్టినవ్. ఇప్పుడు అదే మాట మీ ఇంట్ల నుంచి బయటికి పోతున్నది. పోస్టర్ గోడకు అతికిచ్చి, దాని కిందనే కూసొని ఆ పిల్లగానికి లేదు అని మెసేజ్ కొడ్తరా? బార్ల అడ్డంబోయిన మనిషి లెక్క తూటా తినమంటలేను. రూం ఖాళీ ఉన్నది, వాడు అడిగిండు, వాడు నీ దోస్తు, గంతే. వాడు ఆటగాడు కాదు, పాటగాడు కాదు, వానితోని సెల్ఫీ దిగితే లైకులు రావు. నెల నెల కిరాయ కడ్తడా, గిన్నెలు తోముతడా, ఇవి చూసుకో. ఏ తెలుగోనికైనా చూసేవే. ముందు మూడు నెలలకు అని చెప్పుకోండ్రి, పొసగకపోతే నలుగురు కూసొని మాట్లాడుకోండ్రి, కాని రంగు మీద కాదు.

మిగిలిన ఇద్దరు బెట్టు చేస్తే, బాండ్ డబ్బుల (కిరాయ అడ్వాన్సు) భయముంటే, ఆ నాలుగో వాటా బాండ్ నేను పంపిస్త, తర్వాత వాని నుంచి వచ్చినంక తిరిగియ్. మీ అమ్మకు నేను చెప్పుకుంట, ఆదివారం ఇంటికి పోతున్న ఎట్లనో అట్ల. నువ్వు మాత్రం శనివారం లోపల వానికి నీ నోటితోని చెప్పు, మెసేజ్ కాదు. పేరేందో కూడ రాయి నాకు, మీ అమ్మ అడిగితే 'ఆ నల్లపిల్లగాడు' అని చెప్పుడు నాకు రాదు.

ఇట్లు
నీ మామ